శ్రీలంక వెళ్తున్నారా? బీచ్ పక్కన పెట్టి ముందు లోపలి ఊళ్ళు చూడండి

శ్రీలంక వెళ్దామనుకోగానే మనవాళ్ళ చేతికి వచ్చే ప్యాకేజీలు దాదాపు రెండే రకాలు. నాలుగు రాత్రుల్లో కొలంబో, బెంతోట, క్యాండీ చుట్టేసేది ఒకటి, రామాయణ యాత్ర పేరుతో పూటకో గుడి చూపించేది ఇంకొకటి. రెండింట్లోనూ రోజులో సగం బండిలోనే గడిచిపోతుంది. దారి పొడుగునా కనపడే చెరువులు, వరి పొలాలు, తేయాకు వాలులు, పాత రాజధానులు కిటికీ బయటే ఉండిపోతాయి. నన్నడిగితే ఆ దేశంలో అసలు చూడాల్సింది అవే. అందుకే సొంతంగా ప్లాన్ చేసుకోమంటాను. అదేమంత కష్టం కాదు, చాలాచోట్ల ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, వాళ్ళ టైమూ మన టైమూ ఒకటే, బండ్లు ఎడమవైపే నడుస్తాయి, అన్నం కూర ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

ఒక్క విషయం మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. మ్యాప్‌లో చూస్తే శ్రీలంక చిన్న దేశం, తెలంగాణలో సగం కంటే కాస్త పెద్దది, అంతే. దాంతో రోజుకో ఊరు పెట్టేసుకుందాం అనిపిస్తుంది. అక్కడే ప్లాన్ దెబ్బతింటుంది. కొలంబో నుంచి క్యాండీ సుమారు 115 కిలోమీటర్లే, కానీ రోడ్డు మీద మూడు గంటలు దాటుతుంది. సిగిరియా నుంచి క్యాండీకి 90 కిలోమీటర్లు, దానికీ రెండున్నర నుంచి మూడు గంటలు. ఇక కొండల్లోకి వెళ్ళాక గంటకు ముప్పై కిలోమీటర్లు నడిస్తే బాగా నడిచినట్టే. కాబట్టి కిలోమీటర్లు చూడకండి, గంటలు చూడండి. ఒక రోజులో నాలుగు గంటలకు మించి ప్రయాణం పెట్టుకోకండి, ఎక్కడ దిగినా రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి, అలా పెడితే లిస్టులో కొన్ని ఊళ్ళు పోతాయి, పోనివ్వండి.

ఎప్పుడు వెళ్ళాలి

ఇది తేలకుండా టికెట్లు కొనకండి. శ్రీలంకకు రెండు రుతుపవనాలు, రెండూ చెరో పక్క తడుపుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, గాలె, కొండల పడమటి వైపు కురుస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వానలు తూర్పు తీరానికి, ఉత్తరానికి వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం దాటాక దేశంలో ఎక్కడైనా ఉరుములతో కురవచ్చు, బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టేదీ అప్పుడే.

నేను కింద చెప్పే దారికి, అంటే పాత రాజధానులు, కొండలు, దక్షిణాన గాలె కలిపి చూడటానికి, జనవరి నెల నడిమి నుంచి మార్చి చివరి దాకా బాగుంటుంది. మీకు పిల్లల వేసవి సెలవులు తప్ప వేరే వీలు లేదంటే ఏప్రిల్ నెలాఖరు పర్వాలేదు, ఎండ మాత్రం మన కోస్తా ఎండే. ఏప్రిల్ 13, 14 తేదీల చుట్టూ వాళ్ళ కొత్త సంవత్సరం. అప్పుడు బస్సులు తగ్గిపోతాయి, చిన్న హోటళ్ళు, దుకాణాలు మూసేసి అందరూ సొంతూళ్ళకు వెళ్ళిపోతారు, ఆ వారం వదిలేయండి. జులై, ఆగస్టుల్లో వెళ్ళేవాళ్ళు గాలె వైపు పోకుండా పొడిగా ఉండే ఉత్తర మధ్య ప్రాంతంలోనే ఎక్కువ రోజులు ఉండండి, పైగా ఎండాకాలంలో నీళ్ళు తగ్గిన మిన్నేరియా చెరువు గట్టున అడవి ఏనుగులు గుంపులు గుంపులుగా చేరేది ఆ రోజుల్లోనే.

ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు, దాన్ని పోయ అంటారు. గుళ్ళలో తెల్లబట్టల జనం నిండిపోతారు, మద్యం అమ్మరు. అనురాధపురం చూడటానికి నిజానికి అదే మంచి రోజు, సిగిరియాకి మాత్రం ఆ రోజు వెళ్ళకండి.

ఇంకో సంగతి. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకు కొండ ప్రాంతాల్లో కొండచరియలు విరిగిపడి రోడ్లు, రైలు పట్టాలు బాగా దెబ్బతిన్నాయి. కొండల్లో గది బుక్ చేసేముందు రైలు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా నడుస్తోందో చూసుకోండి, మీరు దిగబోయే హోటల్‌వాళ్ళకు ఫోన్ చేసి దారి ఎలా ఉందో అడగండి, వాళ్ళు చెప్పే మాటే తాజాది.

దారి ఎలా వేసుకోవాలి

విమానాశ్రయం కొలంబోలో లేదు, ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల పైన కటునాయకలో ఉంది. కాబట్టి దిగగానే కొలంబో వెళ్ళడం అంటే వెనక్కి వెళ్ళడమే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, చెన్నై నుంచి ఇంకా ఎక్కువ, అక్కణ్ణుంచి గంటన్నర లోపే. రాత్రి దిగితే పక్కనే ఉన్న నెగొంబోలో పడుకోండి. పొద్దున దిగితే నేరుగా ఉత్తరానికి బయల్దేరండి.

నేను వేసే వరస ఇది: ముందు అనురాధపురం, తర్వాత సిగిరియా చుట్టుపక్కల, అక్కణ్ణుంచి క్యాండీ, తర్వాత రైల్లో కొండలు, కొండలు దిగి గాలె, గాలె నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద తిరిగి విమానాశ్రయం. ఇలా చుట్టు తిరిగితే చూసిన రోడ్డు మళ్ళీ చూడక్కర్లేదు. అనురాధపురంలో ఒకటి లేదా రెండు, సిగిరియాలో రెండు, క్యాండీలో రెండు, కొండల్లో రెండు లేదా మూడు, గాలెలో రెండు, మొత్తం తొమ్మిది నుంచి పదకొండు రాత్రులు. ఏడు రాత్రులే దొరికితే గాలె తీసేయండి. నాలుగే దొరికితే సిగిరియా, క్యాండీ చూసి వచ్చేయండి, కొండలు ఇంకోసారి చూసుకోవచ్చు. నాలుగు రాత్రుల్లో అన్నీ చూపిస్తామనేవాళ్ళ మాట నమ్మకండి.

అనురాధపురాన్ని చాలామంది వదిలేస్తారు, పాత ఇటుక స్తూపాలే కదా అని. నాకు మాత్రం దేశంలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు అదే. వెయ్యేళ్ళకు పైగా రాజధాని. అశోకుడి కూతురు సంఘమిత్ర క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో బుద్ధగయ నుంచి తెచ్చిన బోధి చెట్టు కొమ్మ ఇక్కడే నాటారు, ఆ చెట్టుకి ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. జేతవన స్తూపం కట్టినప్పుడు సుమారు 122 మీటర్ల ఎత్తు, ఆ కాలంలో ఈజిప్టు పిరమిడ్లు రెండు తప్ప దానికంటే ఎత్తైన కట్టడాలు లేవంటారు, మొత్తం ఇటుకే. మన అమరావతి, నాగార్జునకొండ చూసినవాళ్ళకు ఇక్కడ ఇంకో సంతోషం ఉంది. అమరావతి శైలిలో చెక్కిన సున్నపురాయి శిల్పాలు ఈ దీవిలో దొరికాయి, నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది, అంటే అటువాళ్ళు ఇటు వచ్చి ఉన్నారు. కృష్ణా తీరంలో పునాదులు మాత్రమే మిగిలిన స్తూపం పూర్తిగా నిలబడితే ఎలా ఉండేదో తెలియాలంటే సాయంత్రం వేళ రువన్వెలిసాయ స్తూపం చుట్టూ ఒకసారి తిరగండి.

ఊరు విశాలంగా ఉంటుంది, నడిస్తే తెమలదు. సైకిల్ అద్దెకు తీసుకోండి, లేదా మూడు నాలుగు గంటలకు త్రీవీలర్ మాట్లాడుకోండి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదికల్లా గదికి వచ్చేసి, మళ్ళీ నాలుగు దాటాక వెళ్ళండి. చెప్పులు విప్పాల్సిన చోట్లు చాలా ఉంటాయి, మధ్యాహ్నం రాతి పలకలు కాలిపోతాయి, అందుకే సంచిలో ఒక జత మందపాటి సాక్సులు పెట్టుకోండి. రెండో రోజు ఉంటే పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మిహింతలే చూడండి, అశోకుడి కొడుకు మహిందుడు ఇక్కడి రాజు దేవానాంపియ తిస్సని కలిసింది ఆ కొండ మీదే. మెట్లు చాలా ఎక్కువ, కానీ సగందాకా బండి పోతుంది, పెద్దవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పండి.

ఈ జిల్లాలోనే అహికుంటకులనే సంచార జాతి కుటుంబాలున్నాయి, పాములాడించడం, జోస్యం చెప్పడం వాళ్ళ పాత వృత్తులు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. తరతరాలుగా అక్కడే ఉంటున్నవాళ్ళు. దారిలో ఎవరైనా కలిస్తే తెలుగులో పలకరించండి, మాట్లాడండి. వాళ్ళ ఊరికి వెళ్ళి ఫొటోలు తీసుకురావడాన్ని మాత్రం టూరులో భాగం చేయొద్దు.

చెరువులు వదిలేయకండి

అనురాధపురం నుంచి దంబుల్లా వైపు వచ్చే రోజున హైవే మీద దూసుకురాకండి. కెకిరావ దగ్గర పక్కకు తిరిగి కలావెవ చెరువు, దాని దగ్గరున్న అవుకన బుద్ధుడి విగ్రహం చూసి రండి, గంటన్నర అదనం, అంతే. కలావెవ అయిదో శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన చెరువు. అక్కణ్ణుంచి అనురాధపురం దాకా నీళ్ళు తీసుకెళ్ళే కాలువ ఎనభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది, మొదటి భాగంలో కిలోమీటరుకు పది సెంటీమీటర్లు కూడా వాలు లేకుండా తవ్వారు. కాకతీయుల చెరువుల కింద పెరిగినవాళ్ళకు ఆ పనితనం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కట్ట మీద నిలబడితే ఒక పక్క కనుచూపు మేర నీళ్ళు, ఇంకో పక్క పచ్చటి మడులు, మధ్యలో సైకిళ్ళ మీద బడికి పోయే పిల్లలు. పల్లె శ్రీలంక చూడాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు తెలియదు నాకు.

ఈ చెరువుకీ సిగిరియాకీ రక్తసంబంధం ఉంది. కొడుకు కశ్యపుడు సింహాసనం లాక్కుని, దాచిన ధనం ఎక్కడుందో చూపించమంటే, ధాతుసేనుడు కలావెవ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నా ఆస్తంతా ఇదేనన్నాడని పాత చరిత్ర చెబుతుంది. తండ్రిని చంపించిన ఆ కశ్యపుడే తమ్ముడికి భయపడి సిగిరియా బండ మీద కోట కట్టుకున్నాడు. 477 నుంచి 495 దాకా అక్కణ్ణుంచే ఏలాడు. చెరువు చూశాక కోట ఎక్కితే ఆ కథ మొత్తం ఒక వరసలో అర్థమవుతుంది, అందుకే ముందు ఇటు రమ్మంటున్నాను.

సిగిరియా బండ చుట్టూ నేల నుంచి రెండువందల మీటర్ల దాకా ఎత్తు, సుమారు 1,200 మెట్లు. గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి, తొమ్మిది దాటితే ఇనుప మెట్ల మీద వరస కదలదు, ఎండ నేరుగా తగులుతుంది. చిత్రాలున్న గుహలో ఫొటోలు తీయనివ్వరు. కందిరీగల గూళ్ళు ఉన్నచోట నిశ్శబ్దంగా ఉండమని బోర్డులుంటాయి, అవి ఊరికే పెట్టినవి కావు, పిల్లలకు ముందే చెప్పండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని పైకి లాక్కెళ్ళకండి, కింద ఉన్న నీటి తోటలే గంటసేపు చూడదగ్గవి, పదిహేను వందల ఏళ్ళనాటి ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయి.

విదేశీయులకు టికెట్ ముప్పై డాలర్లు దాటింది. ఇలాంటి పాత కట్టడాల దగ్గర సార్క్ దేశాలవాళ్ళకు తగ్గింపు ధర ఉంటుంది, పాస్‌పోర్టు చూపించి అడగాలి, మనల్ని చూసి వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. నలుగురున్న కుటుంబానికి ఇది పెద్ద మొత్తమే కాబట్టి పాస్‌పోర్టులు గదిలో పెట్టి వెళ్ళొద్దు. ఇంత ఖర్చు వద్దనుకుంటే పక్కనే పిదురంగల కొండ ఉంది, టికెట్ చాలా తక్కువ, పైనుంచి సిగిరియా బండ ఎదురుగా కనిపిస్తుంది. చివర్లో బండరాళ్ళు పట్టుకుని పాకాలి, చీరలో కుదరదు.

సిగిరియాలో ఉండే రెండో రోజు పొలొన్నరువకు ఇవ్వండి. పన్నెండో శతాబ్దపు పరాక్రమబాహు రాజధాని, వాన చుక్క ఒక్కటి కూడా జనానికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్న రాజు అని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన చెరువుని పరాక్రమ సముద్రం అంటారు. ఊరు అనురాధపురం కంటే చిన్నది, చెట్ల నీడ ఉంది, సైకిల్ మీద నాలుగు గంటల్లో తీరిగ్గా అయిపోతుంది. గల్ విహార దగ్గర ఒకే రాతిలో తొలిచిన బుద్ధ విగ్రహాలున్నాయి, పడుకున్న విగ్రహమే పద్నాలుగు మీటర్లు. మిగతావి తొందరగా చూసినా ఇక్కడ మాత్రం కూర్చోండి.

దంబుల్లా గుహలు క్యాండీ వెళ్ళే దారిలోనే వస్తాయి, గంటన్నర చాలు.

క్యాండీ

దంబుల్లాలో గోడల మీద మీరు చూసే బొమ్మల్లో ఎక్కువ భాగం పద్దెనిమిదో శతాబ్దానివి, కీర్తి శ్రీ రాజసింహ వేయించినవి. ఆయన ఎవరో తెలిస్తే క్యాండీ మనకు కొత్త ఊరులా అనిపించదు. 1739లో క్యాండీ రాజు వారసుడు లేకుండా పోతే మదురై నుంచి వచ్చిన రాణి తమ్ముడు గద్దెనెక్కాడు. అక్కణ్ణుంచి 1815 దాకా ఆ కుటుంబమే ఏలింది, కీర్తి శ్రీ ఆ కుటుంబంవాడే. నాయక్కర్ వంశం అంటారు, తెలుగు మూలాలున్న నాయకులు. బౌద్ధం పుచ్చుకుని, అక్కడ ఆగిపోయిన భిక్షువుల దీక్షా పరంపరను 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువుల్ని రప్పించి మళ్ళీ నిలబెట్టింది ఈ కీర్తి శ్రీనే. ఊరి మధ్యలో ఉన్న సరస్సు, బుద్ధుడి దంతం ఉన్న గుడి దంతాలయం ముందున్న ఎనిమిది మూలల మండపం చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ కట్టించినవి. 1815 మార్చి 2న రాజ్యం ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి పోయిన ఒప్పందం చదివిన కొయ్య స్తంభాల మండపం కూడా అక్కడే ఉంది, గుడి చూసి వెళ్ళిపోకుండా దాన్లోకి వెళ్ళండి. ఆ రాజుని వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు, సమాధి పాలారు ఒడ్డున ఉంది. చిత్తూరు వాళ్ళకు పక్క ఊరే.

దంతాలయంలో పూజ పొద్దున, సాయంత్రం జరుగుతుంది, డప్పుల చప్పుడుతో. సాయంత్రం పూజకు అరగంట ముందే వెళ్ళి పై అంతస్తులో నిలబడండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు తప్పనిసరి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు, గొడవలయ్యాయి కూడా, ఒంటి మీద బుద్ధుడి టాటూ ఉంటే కప్పుకోండి. జులై, ఆగస్టుల్లో వచ్చే ఎసల పెరహర ఊరేగింపు కళ్ళారా చూడాల్సిందే, కానీ ఆ పది రోజులూ గదుల ధరలు ఎక్కడికో పోతాయి, నెలల ముందే బుక్ చేసుకోవాలి. మామూలు రోజుల్లో ఊళ్ళో ట్రాఫిక్ చిరాకు, గది కొండ మీద తీసుకుంటే ఆ రొద తగ్గుతుంది. రెండో రోజు పొద్దున పేరాదెణియ తోటకు వెళ్ళండి, పిల్లలు పరుగెత్తడానికి చోటు, పెద్దవాళ్ళకు నీడ.

కొండ రైలు

క్యాండీ నుంచి బదుళ్ళ దాకా వెళ్ళే రైలు గురించి అందరూ చెబుతారు, నిజంగానే అంత బాగుంటుంది. టికెట్టే తలనొప్పి. రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, సీజన్‌లో నిమిషాల్లో అయిపోతుంది. తెరిచే రోజున దొరక్కపోతే కంగారు పడకండి, రిజర్వేషన్ లేని పెట్టెలకు ఆరోజే స్టేషన్‌లో టికెట్ ఇస్తారు, రద్దీ ఎక్కువ, నిలబడాల్సి రావచ్చు. ఫస్ట్ క్లాస్ ఏసీ కోసం ఎగబడకండి, ఆ కిటికీలు తెరుచుకోవు. సెకండ్, థర్డ్ క్లాసుల్లో కిటికీలు తెరిచి ఉంటాయి, చల్లగాలి, వడలమ్మే వాళ్ళు, ఊరి జనం, ప్రయాణమంతా అక్కడే ఉంది.

క్యాండీ నుంచి ఎల్లా దాకా ఒకేసారి కూర్చుంటే ఆరేడు గంటలు, పిల్లలు తట్టుకోరు. నేను చెప్పేది ఇంకో పద్ధతి. క్యాండీ నుంచి నువరెలియా దాకా బండిలో వెళ్ళండి, దారిలో తేయాకు ఫ్యాక్టరీ, జలపాతాలు చూసుకుంటూ. ఆ పక్కనున్న నానుఓయ స్టేషన్‌లో రైలెక్కండి, డ్రైవర్ సామాను తీసుకుని ముందు ఊరికి వచ్చేస్తాడు. నానుఓయ నుంచి ఎల్లా దాకా రెండున్నర, మూడు గంటలు, దృశ్యాల్లో మంచి భాగం ఇదే. పట్టిపొల దగ్గర దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ వస్తుంది, ఇదల్‌గషిన్న దగ్గర పట్టాలకు రెండు పక్కలా లోయలే. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగొద్దు. సొరంగాలు, పట్టాలకు ఆనుకుని పెరిగిన చెట్లు ఉన్నాయి, అలా పోయినవాళ్ళున్నారు.

ఎక్కడ దిగాలి? అందరూ ఎల్లా అంటారు. తొమ్మిది కమానుల వంతెన అక్కడే ఉంది, 1921 నాటిది, ఉక్కు లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టారు, చూడండి. కానీ ఊరు మొత్తం కేఫులు, పాటల హోరు. ప్రశాంతంగా కొండ పల్లెల్లో ఉండాలనుకుంటే కొన్ని స్టేషన్ల ముందే హపుతలేలో దిగండి. పొద్దున్నే త్రీవీలర్ మాట్లాడుకుని లిప్టన్స్ సీట్ అనే వ్యూపాయింట్ పైకి వెళ్ళి, కిందకి తేయాకు తోటల మధ్య నడుచుకుంటూ దిగండి, ఏడు కిలోమీటర్లు, దారంతా తోట కూలీల ఇళ్ళు, చిన్న కోవెళ్ళు, బళ్ళు. తొమ్మిది దాటితే మంచు కమ్మేసి ఏమీ కనపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల సంతతి. జేమ్స్ టేలర్ 1867లో వేసిన మొదటి తేయాకు తోట నుంచి ఇవాళ్టి దాకా ఆ కొండల్ని పచ్చగా ఉంచింది వాళ్ళ చేతులే. అడక్కుండా ఫొటో తీయకండి, మాట్లాడే ఓపిక ఉంటే తమిళం నాలుగు ముక్కలు వచ్చినా చాలు.

రామాయణ స్థలాలు చూడాలనే కోరిక మన ఇళ్ళలో తప్పక ఉంటుంది. నువరెలియా నుంచి హక్‌గల తోటకు వెళ్ళే రోడ్డు పక్కనే సీత ఎలియ గుడి ఉంది, వాగు ఒడ్డున. నువరెలియాకి దగ్గరే కాబట్టి దర్శనం చేసుకోండి, దానికోసం వేరే టూరు అక్కర్లేదు.

కొండల్లో రాత్రి చలి, స్వెట్టర్ ఉండాలి. వాన పడిన దారుల్లో జలగలు ఎక్కుతాయి, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని, ఉప్పు పొట్లం జేబులో పెట్టుకోండి.

గాలె, తిరుగు ప్రయాణం

హపుతలే లేదా ఎల్లా నుంచి కొండ దిగి గాలె రావడానికి నాలుగైదు గంటలు, ఈ మొత్తం టూరులో పొడుగు ప్రయాణం ఇదొక్కటే. మధ్యలో ఉడవలవె దగ్గర ఏనుగుల సఫారీ చేసి ఒక రాత్రి అక్కడే ఉండేవాళ్ళూ ఉన్నారు. గాలె కోట పోర్చుగీసువాళ్ళు 1588లో మొదలుపెడితే 1640లో డచ్చివాళ్ళు గెలుచుకుని ఇప్పుడున్న బురుజులు కట్టారు, 2004 సునామీలో బయట ఊరు మునిగితే లోపలి ఊరిని చాలావరకు ఆ గోడలే కాపాడాయి. గది కోట లోపలే తీసుకోండి, ఖరీదు కాస్త ఎక్కువైనా సరే. పగలు టూరిస్టు బస్సులు నింపేస్తాయి, అవి పోయాక పొద్దున, సాయంత్రం గోడ మీద నడక మీదే.

బండి, డబ్బు, తిండి

ఇద్దరే అయితే బస్సులు, రైళ్ళతో హాయిగా తిరగొచ్చు. నలుగురుంటే డ్రైవర్‌తో బండి మాట్లాడుకోవడమే మేలు. మాట్లాడేటప్పుడు ఇవి తేల్చుకోండి: రోజుకి ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలు, టోల్, పార్కింగ్ అందులోనేనా, డ్రైవర్ తిండి, పడక ఎవరు చూడాలి. పెద్ద హోటళ్ళలో డ్రైవర్లకు విడిగా గదులుంటాయి, చిన్న గెస్ట్‌హౌసుల్లో ఉండకపోవచ్చు, బుక్ చేసేటప్పుడే అడగండి, రాత్రంతా సరిగ్గా నిద్రలేని మనిషి చేతిలో కొండ దారిన స్టీరింగ్ పెట్టకూడదు కదా. మసాలా తోటలు, రత్నాల దుకాణాల దగ్గర ఆపొద్దని మొదటి రోజే మర్యాదగా చెప్పండి, వాటిల్లో కమిషన్లు ఉంటాయి. ఊళ్ళల్లో తిరగడానికి పిక్‌మీ యాప్ దించుకుంటే త్రీవీలర్ బేరాల బాధ తప్పుతుంది.

వీసాకి ఇటిఎ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రుసుము, నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు ప్రభుత్వ సైటులోనే చూడండి, అదే పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలు చెల్లేలా ఉండాలి. మన రూపాయికి వాళ్ళవి మూడు రూపాయల పైన వస్తాయి, అలాగని ధరలు చవకనుకోకండి, మామూలు తిండి, బస్సులు చవకే, టికెట్లు, మంచి గదులు చవక కాదు. 2024 నుంచి కొన్ని దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది, కానీ పల్లెల్లో చేతిలో నోట్లు ఉండాల్సిందే.

తిండి మన నోటికి బాగా పడుతుంది, కొబ్బరి, కారం, కరివేపాకు, అన్నం చుట్టూ నాలుగైదు కూరలు. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోండి: పొల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, ఒక్కోసారి పప్పులో కూడా ఎండు చేప పొడి వేస్తారు, పైకి కనపడదు. సింహళంలో "మస్ మాలు ఎపా" అంటే మాంసం, చేప వద్దని. ఉంబలకడ కూడా వద్దని చెప్పండి, ఎండు చేపని అలా అంటారు. తమిళ శైవ హోటళ్ళు కనపడితే ఏ అనుమానం లేకుండా తినొచ్చు. అప్పాలు సాయంత్రం పూట వేడివేడిగా వేస్తారు, గేదె పెరుగు మీద కితుల్ (జీలుగ చెట్టు) పానకం పోసి ఇస్తారు, తినకుండా రాకండి.

ఆఖరి రోజు గాలె నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద విమానాశ్రయానికి మూడు గంటలు వేసుకోండి, రాత్రి విమానమైతే మధ్యలో కొలంబోలో ఒక పూట సరిపోతుంది. టీ పొడి విమానాశ్రయంలో కొనకండి, ఊళ్ళో సూపర్‌మార్కెట్లో అదే పొడి చాలా తక్కువకు వస్తుంది. మన పాల టీకి పల్లపు తోటల రుహుణ పొడి కొనండి, చిక్కగా దిగుతుంది. నువరెలియా పొడి లేత రంగు, సువాసన ఎక్కువ, పాలు పోస్తే ఆ సువాసన పోతుంది, అది విడిగా తాగేవాళ్ళకే.